ఇరవై దాటని ముల్లు

పంతొమ్మిది వందల యాభైల్లో ఉదయగిరిలో నాకో పాత అద్దెకారు ఉండేది. నా చేతికి వచ్చేసరికే లక్ష మైళ్ళు తిరిగింది. ఆత్మకూరు పోయి వస్తే శేరు ఆయిల్ తాగి, వెనక నీలం పొగ వదిలేది.

ఆత్మకూరు మేస్త్రీ ప్లగ్గులు విప్పి, లోపల కాస్త ఆయిల్ పోసి, మళ్ళీ బిగించి, నన్ను ముందువైపు స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పమన్నాడు. అంతవరకూ తేలిగ్గా తిరిగింది కాస్తా బరువెక్కింది.

"ఆయిల్ సందు మూస్తేనే బిగువొచ్చింది. పిస్టన్ రింగులు అరిగిపోయినాయి" అన్నాడు. కొత్తవి వేసి, "ఐదొందల మైళ్ళు తిరిగేదాకా స్పీడు ఇరవై దాటించబాక. ఇంజను పట్టేసి ఆగిపోతాది" అని హెచ్చరించాడు.

మూడోరోజు మధ్యాహ్నం మా వీధి రమణయ్య పరుగెత్తుకొచ్చాడు. కాన్పయిన భార్యకు రక్తం ఆగడం లేదు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరాం. స్పీడు ముల్లును ఇరవై దాటనివ్వలేదు నేను.

"కొంచెం బిన్నా పోనీ అన్నా" అన్నాడు రమణయ్య.

"దోవలో ఇంజను పట్టేస్తే ఏం చేస్తామబ్బా" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ భయంలో సగం నా కొత్త రింగుల గురించేనని నాకు తెలుసు.

ఆత్మకూరు ఇంకా నాలుగు మైళ్ళుందనగా ఆమె ప్రాణం పోయింది. అక్కడే కారు ఊరివైపు తిప్పాను.

వెనక అతని ఏడుపు వినలేక, నాకు తెలియకుండానే కాలు నొక్కాను. ముల్లు నలభైకి పోయింది. ఇంజనుకు ఏమీ కాలేదు.

"ఇప్పుడేం తొందరన్నా. మెల్లగా పోనీ" అన్నాడు రమణయ్య.

ఆ తర్వాత ఆ కారు పొగ వదల్లేదు. ఆయిల్ చూసే పుల్ల ఎప్పుడు తీసినా నిండుగానే ఉండేది. దాన్ని తుడిచే ప్రతిసారీ నాకు ఆ మాటే వినిపించేది.