కందిపప్పు సంచికి బెల్టు

పోయిన వారం తాండూరులో పది కిలోల కందిపప్పు కొని, వెనక తలుపు తీసే ఓపిక లేక సంచిని నా పక్కన ఎడమ సీట్లోనే పెట్టుకుని వికారాబాదుకు బయలుదేరాను. ఊరు దాటీ దాటకముందే కారు కీచు కీచుమని గోల మొదలుపెట్టింది. నేను దారి మీద నుంచి చూపు తిప్పకుండానే, "బెల్టు పెట్టుకోండ్రి, రోజూ చెప్పాల్నా" అని కసిరాను. కసిరిన తర్వాత పక్కకు చూస్తే పప్పు సంచి కుదురుగా కూర్చుని ఉంది. మా ఆయన పోయి రెండేళ్లు దాటింది.

ఈ కాలపు కార్లకు సీట్లో బరువు తగిలితే చాలు, అది మనిషా మూటా అని చూడవు, బెల్టు పెట్టేదాకా ఊరుకోవు. రోడ్డు పక్కన బండి ఆపి, అవతలి వైపుకు వెళ్లి, సంచి నడుము చుట్టూ బెల్టు లాగి టక్కుమని పెట్టాను. అక్కడి నాపరాతి బండల పాలిష్ యూనిట్ ముందు ఆటోలో కూర్చున్న ఒకతను ఇదంతా చూసి, "ఏం టీచరమ్మా, పప్పు ఏడికన్న ఉరుకుతదని భయమా?" అన్నాడు. నేనూ నవ్వాను. మళ్లీ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాక మాత్రం చాలాసేపు తాళం తిప్పలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అరవై ఆరేళ్ల మనిషి రోడ్డు పక్కన కారులో కూర్చుని ఏడిస్తే ఎవరికి నష్టం?

మా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. మేము పెరిగిన రోజుల్లో బండిలో బెల్టు అనేది ఒకటి ఉంటుందని ఎవరికి తెలుసు? పెళ్లైన కొత్తలో మా ఆయన నడిపిన జీపుకు తలుపులే ఉండేవి కావు, మలుపు వచ్చినప్పుడల్లా ఒక చేత్తో ముందున్న కడ్డీని, ఇంకో చేత్తో కొంగును పట్టుకుని కూర్చునేదాన్ని, అప్పటి సేఫ్టీ అంతా అదే. అయినా ఆయన పక్కన కూర్చుని వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన బండల యూనిట్ తాండూరులో, నా బడి బంట్వారంలో, ఇల్లు వికారాబాదులో. పొద్దున్నే ఆయన జీపు ఎక్కితే నేను బస్సెక్కేదాన్ని, చీకటి పడ్డాక ఇంట్లో కలుసుకునేవాళ్లం. పిల్లలు లేని ఇల్లు కావడంతో మాటలు కూడా తక్కువే. కొట్లాడుకున్నదీ లేదు, అలాగని ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలిసిందీ లేదు.

నేను రిటైరైన ఏడాదే ఆయన ఈ కారు కొన్నారు. షోరూం పిల్లగాడు బెల్టు గురించి, ఎయిర్‌బ్యాగులనే గాలి బుడగల గురించి, బ్రేకు గురించి ఎంతో ఓపికగా చెబుతుంటే, ముప్పై ఏళ్లు బండి నడిపిన నాకే చెబుతున్నావా అన్నట్టు మీసం కింద నవ్వుకున్నారు. ఇంటికి రాగానే రెండు సీట్ల బెల్టులూ ముందే పెట్టేసి, వాటిని వీపు వెనక్కి తోసి, మేము ముందుకు జరిగి కూర్చోవడం నాకు నేర్పించారు. కారు మోసపోయి నోరు మూసుకునేది. తాండూరులో సగం మంది అప్పుడు చేసిన పని అదే. డాష్‌బోర్డు మీద నా ముందర ఇత్తడి వినాయకుణ్ణి అంటించి, అన్నీ ఈయనే చూసుకుంటాడన్నారు.

ఆ మర్నాటి నుంచి ఒక వింత మొదలైంది. "ఒక్కదానివి ఇంట్ల ఏం జేస్తవు, నాతోని రా" అని ఆయన నన్ను రోజూ తాండూరుకు తీసుకుపోవడం. అన్నేళ్లలో ఒక్కనాడు యూనిట్ ముఖం చూడమనని మనిషి! నేను ఇస్త్రీ చేసిన నేతచీర కట్టుకుని, టిఫిన్ డబ్బా కట్టుకుని, కొత్త కోడలిలా తయారయ్యేదాన్ని. దారి పొడుగునా ఆయన మాట్లాడేవారు. "ఎదురుంగ ఏమొస్తున్నది?" అని అడిగేవారు, నేను బస్సు అనో, గొర్రెల మంద అనో చెప్పేదాన్ని. అది కోట్‌పల్లికి పోయే బస్సేనా, మందల ఎన్ని గొర్రెలుంటయి అని మళ్లీ అడిగేవారు. ముసలితనంలో ఈయనకు నా మీద ప్రేమ పుట్టిందని మనసులో ఎంత మురిసిపోయానో, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అనంతగిరి దిగుడు వచ్చేసరికి గేరు న్యూట్రల్‌లో వేయడం ఆయనకు జీపు నాటి అలవాటు. కొండ దిగేటప్పుడు ఇంజనుకు పనేముంది, డీజిల్ మిగులుతుంది కదా అనేవారు. ఒకనాడు అలాగే జారుతూ దిగుతుంటే, మలుపు తిరగగానే చెడిపోయి ఆగిన ఒక బండల లారీ ఎడమ పక్కన కనిపించింది. నేను "లారీ!" అని అరిచాను, అంతే, ఇంకో మాట నోట రాలేదు. ఆయన దాన్ని ఎదురుగా వచ్చే లారీ అనుకుని, తప్పుకోవడానికి కారును ఎడమకు, సరిగ్గా ఆ లారీ మీదికే తిప్పారు. నేను మళ్లీ అరిస్తే బ్రేకు తొక్కారు, అది కాలికింద గడగడ వణికితే విరిగిపోయిందనుకుని కాలు తీశారు, మళ్లీ తొక్కారు. కారు కంకరలో జారి లారీకి మూరెడు దూరంలో ఆగింది. నా నుదురు వెళ్లి వినాయకుడి తొండానికి కొట్టుకుంది.

నేను నుదురు పట్టుకుని, అంత పెద్ద లారీ కనబడలేదా అన్నాను. ఆయన స్టీరింగు మీదే తల పెట్టి, "కనవడలే" అన్నారు. షుగరు కళ్లను తినేసిందట, బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలు దాటిందట. దారి కంఠతా వచ్చు, మధ్యలో వచ్చే పోయేవాటి కోసం నా కళ్లు చాలనుకున్నారు. భయం నాకు ఆ తర్వాత వచ్చింది కానీ, ఆ నిమిషాన తగిలింది మాత్రం అవమానం. నేతచీరలు, టిఫిన్ డబ్బాలు, గొర్రెల లెక్కలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఈయనకు కావలసింది పక్కన భార్య కాదు, ఒక జత కళ్లు అనుకున్నాను. ఆ ముల్లు చాలా ఏళ్లు నాలో అలాగే ఉండిపోయింది.

డ్రైవర్‌ను పెట్టుకుందామంటే ససేమిరా అన్నారు. కళ్లు పోయాయని తెలిస్తే బజారులో తన మాటకు విలువ ఉండదని ఆయన బాధ. చివరికి నేనే నేర్చుకుంటానన్నాను. అప్పటి నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, "మా టీచరమ్మకు రిటైరైనంక కారు సరదా పుట్టింది" అని చెప్పుకున్నారు. నా పరువు పోయినా ఆయన పరువు నిలిచింది.

నాకు నేర్పింది ఆయనకు పడుచుతనంలో లారీ నేర్పిన ఉస్తాదే, తాండూరులో మనవలతో ఉండే పెద్దమనిషి. మొదటి రోజు మైదానంలో కారు పక్కన నిలబడి, మా ఆయనకు వినబడకుండా, "అమ్మా, ఆయన కండ్ల సంగతి నాకెర్కే. మీరు చెప్పకుండ్రి, నేనడగ" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా గుండె మీద బరువు సగం దిగింది.

ఉస్తాద్ వారం రోజులు నన్ను తాళం ముట్టుకోనివ్వలేదు. ముందు సీటు జరుపుకుని క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా చూసుకోవాలి, తర్వాత తల వెనక దిండు తలంత ఎత్తుకు లేపాలి, తర్వాత మూడు అద్దాలు, తర్వాత బెల్టు, ఆఖరికి తాళం. ఎడమ కాలుకు క్లచ్ ఒక్కటే పని, కుడి కాలుకు బ్రేకూ ఎక్సిలేటరూ రెండూ. స్టీరింగు ముందున్న పలకలో ఎర్ర దీపం వెలిగితే ఆగాలి, పసుపుది వెలిగితే తొందరలోనే మెకానిక్‌కు చూపించాలి. నాలుగు దిక్కులా ఒకేసారి మిణుకుమనే దీపాలు బండి ఆగిపోయినప్పటి కోసమే కానీ, చౌరస్తాలో తిన్నగా పోతున్నానని చెప్పడానికి కాదు. నేను బడిపిల్లలా అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటే మురిసిపోయేవాడు.

వినాయకుణ్ణి చూసి మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. విగ్రహం అంటించిన ఆ మూత కిందే గాలి బుడగ ఉంటుందట, గట్టిగా గుద్దుకుంటే అది చిటికెలో పేలి బయటికి వస్తుందట. "దేవునికి దండం పెట్టుకో అమ్మా, గానీ ఆయనను బుడగ మీద కూసోవెట్టకు. నీ మొకం మీదికే వస్తడు" అన్నాడు. నా నుదుటి బొప్పి ఇంకా తగ్గలేదు కనుక వెంటనే నమ్మాను. బెల్టు లేకుండా ఆ బుడగ మనిషికి మేలు కంటే కీడే చేస్తుందని కూడా చెప్పాడు. బ్రేకు సంగతి అడిగితే, "కాలికింద గుర్రుమంటే భయపడకు. చక్రాలు జారకుండ పట్టుకుంటున్న అని బండి నీకు చెప్తున్నట్టు. ఇంకింత గట్టిగ తొక్కు" అన్నాడు. ఆ రోజు సీటు వెనక నుంచి బెల్టును బయటికి లాగితే, బయట ఉన్నదంతా రాతిపొడితో తెల్లగా, లోపల చుట్టుకుని ఉన్నదంతా కొత్త నలుపుతో ఉంది. వినాయకుడు ఇంట్లో దేవుడి అరలోకి వెళ్లాడు.

నేను నడిపిన మొదటి రోజు మా ఆయన ఎడమ సీట్లో కూర్చుని బెల్టు వీపు వెనక్కే పెట్టుకున్నారు. నేను తాళం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. బెల్టు సక్కగ పెట్టుకుంటేనే బండి కదులుతుందన్నాను. ఎండలో, ఇంటి ముందర, పక్కింటి వాళ్లందరూ చూస్తుండగా అరగంట కూర్చున్నాం. ఇరవై ఎనిమిదేళ్లు మొండి పిల్లలతో వేగిన మనిషిని నేను. ఆఖరికి టక్కుమన్నది. ఆ చప్పుడు విన్నంత తృప్తి నాకు రిటైర్మెంటు శాలువాలో కూడా కలగలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు తిరిగాం. ఆయన చూపు క్రమంగా పూర్తిగా పోయింది, చెవి మాత్రం ఇంజనుకు అతుక్కుపోయింది. అనంతగిరి దిగుతూ, ఇంజనే బండిని ఆపి పట్టేలా నేను గేరు తగ్గిస్తే ఆ చప్పుడు విని, "రెండుల వేసినవా? మంచిగ వట్టుకుంటున్నది" అనేవారు. నేను ఎదురుగా కనిపించినవన్నీ చెబుతూ నడిపేదాన్ని, ఈసారి సగం మాటలు కాదు, పూర్తిగా: లారీ ఉన్నది, ఎడమ పక్కన, ఆగి ఉన్నది. తర్వాత యూనిట్ కౌలుకిచ్చేశారు. తాండూరులో ఆయనకిక పనేమీ లేదు, నాకే మందులకో సరుకులకో వెళ్లాల్సి వచ్చేది, అయినా తాళం చప్పుడు వినగానే చెప్పులు వెతుక్కునేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నా కళ్లతో ఇప్పుడు మీకు పనేముంది, ఎందుకీ శ్రమ అని. ఆయన బెల్టు సరిచేసుకుంటూ, "ఇంట్ల కూసుంటే నువ్వేం సూస్తున్నవో నాకెట్ల ఎర్కైతది?" అన్నారు. ఏళ్ల తరబడి నాలో ఉన్న ముల్లు అప్పుడు రాలిపోయింది. ఆ వానాకాలమే మూత్రపిండాలు చెడి, పది రోజుల్లో వెళ్లిపోయారు.

ఇప్పుడొచ్చే కార్లు వాటంతటవే బ్రేకు వేస్తాయట, గీత దాటితే హెచ్చరిస్తాయట, వెనకేముందో బొమ్మ చూపిస్తాయట. పక్కన కూర్చుని దారి చెప్పే మనిషితో ఇక వాటికి పనిలేదు. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి, కాదనను. నేను మాత్రం ఈ పాత కారునే నడుపుతున్నాను. ఆ రోజు ఇంటికి చేరి పప్పు సంచి బెల్టు విప్పుతుంటే, కాసేపైనా ఈ సీట్లో ఎవరో ఉన్నారని కారు పొరపడింది కదా అని దాని మీద ప్రేమ పుట్టింది.

నిన్న మళ్లీ తాండూరు వెళ్లాను, ఉత్త చేతులతోనే. అనంతగిరి దిగుడులో గేరు రెండులో వేశాను. మలుపు దగ్గర, "లారీ వస్తున్నది, కుడి పక్కకెల్లి, మెల్లగనే వస్తున్నది" అని పైకే చెప్పాను. పక్క సీటు ఖాళీ అని కారుకు తెలుసు, అది చప్పుడు చేయలేదు.