సొన్నమ్మత్త మజ్జిగ పరీక్ష

బెంగళూరు కబ్బన్‌పేటలో మగ్గాలకు నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. ఆ రోజు మగ్గంలో నాడె ముట్టే మగాడు లేడు, నూలు కండె చుట్టే ఆడమనిషి లేదు. అందుకని ఊరంతా మంచిరోజు చూసుకుని ఎగ్జిబిషన్‌కి పోతే, ఈ వీధి పిల్లలు మాత్రం అమావాస్యనాడే పోయేవాళ్ళు. అక్కడి దయ్యాల గుహ కూడా ఆ రోజే చూసొచ్చేవాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకుండా సొన్నమ్మ చూసుకునేది.

సొన్నమ్మ నేతపని వెంకటేశప్పకు అక్క. పెళ్ళైన ఆరేళ్ళకే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చేసింది. వచ్చిన మర్నాడే రాట్నం ముందేసుకుని కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళయింది, ఇంకా అక్కడే కూర్చుని ఉంది. చెయ్యి కండెలు చుడుతుంటే నోరు వీధిని నడిపేది. ఎవరి దగ్గుకి ఏ కషాయం, ఎవరి పిల్లకి ఏ ఊరి సంబంధం, అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్పేది. అన్నిటికన్నా ఆమెకు గర్వం ఒక్క విషయంలో. "ఏ బిడ్డ సత్తా ఏపాటిదో కన్నోళ్ళకన్నా నాకి బాగా తెలుసు" అనేది. తమ్ముడి భార్య రత్నమ్మ ఆ మాటకి ఎదురు చెప్పేది కాదు. చెప్పి గెలిచినవాళ్ళు లేరు మరి.

ఆ గర్వం వెనకాల ఒక కథ ఉంది. పదేళ్ళ కిందట పక్కింటి పెద్దమునియప్ప కొడుకు జెయింట్ వీల్ ఎక్కి, పైకెళ్ళగానే పొద్దుట తిన్న రాగిముద్ద మొత్తం కక్కాడు. అది పోయి పోయి కింద నిలబడ్డ పోలీసాయన టోపీ మీద పడింది. సొన్నమ్మ ఆయన్ని బతిమాలి, తన కొంగుతోనే టోపీ తుడిచి, నవ్వు ఆపుకోలేక చచ్చి, ఎలాగో బయటపడింది. ఇంటికి రాగానే శపథం చేసింది. ఏ పిల్లకి ఏ ఆట పడుతుందో ఇంట్లోనే తేల్చుకోవాలి, ఆ తర్వాతే గడప దాటాలి.

అలా మొదలయ్యాయి పరీక్షలు. రంగులరాట్నం ఎక్కాలంటే నడవలో స్తంభాన్ని ఒంటిచేత్తో పట్టుకుని పదిహేను చుట్లు తిరగాలి, ఆ వెంటనే వీధిలో కట్టిన దారం వెంబడి తూలకుండా నడవాలి. దయ్యాల గుహ కావాలంటే చీకటి కొట్లోకి ఒక్కరే పోయి మూలనున్న బుట్ట తేవాలి. ధైర్యానికి పాట పాడుకుంటూ పోతే చెల్లదు. మోటారు సైకిళ్ళు గోడ మీద తిరిగే మృత్యుబావి చూడాలనుకుంటే వీధి చివర పవర్‌లూమ్ షెడ్డులో కూర్చుని పదమూడో ఎక్కం ఒప్పజెప్పాలి. ఆ మోతలో తప్పొప్పులు ఆమెకి ఎలా వినిపించేవో ఆ దేవుడికే తెలియాలి.

అన్నిటికీ పై పరీక్ష జెయింట్ వీల్‌ది. అది మజ్జిగ పరీక్ష. అంచుదాకా మజ్జిగ పోసిన చెంబు పట్టుకుని నిచ్చెనెక్కి మిద్దె మీదికి పోవాలి. పిట్టగోడ దగ్గర నిలబడి వీధిలో ఎన్ని కుక్కలున్నాయో లెక్కచెప్పి, మళ్ళీ దిగి రావాలి. చుక్క ఒలికిందా, ఫెయిలు. ఇంకో నియమం కూడా ఉండేది. పై ఆటకి పాసైన పిల్ల మళ్ళీ కింది ఆట ఆడకూడదు. "మూడో క్లాసుకి పోయినోడు ఒకటో క్లాసులో కూచుంటాడా?" అని అడిగేది. వీధిలో తల్లులు స్కూలు మార్కులనైనా అనుమానించారుగానీ సొన్నమ్మ మార్కులని ఏనాడూ అనుమానించలేదు.

ఇంత చేసిన మనిషి ఆ నిచ్చెన ఎక్కగా చూసినవాళ్ళు మాత్రం లేరు. మిద్దె మీద వడియాలు పెట్టాలన్నా, ఎండిన మిరపకాయలు తేవాలన్నా రత్నమ్మనే పంపేది. "నాకి మోకాళ్ళమ్మా" అనేది. మోకాళ్ళకేం రోగం, గుండ్రాళ్ళలా ఉండేవి! ఎత్తంటే ఆమెకి వణుకు, అదీ అసలు సంగతి. మూడో మెట్టు మీదే కళ్ళు తిరిగేవి. ఊరందరి ధైర్యాన్నీ కొలిచే మనిషి ఈ ముక్క బయటికెలా చెబుతుంది? కడుపులో పెట్టుకుని పదేళ్ళు గడిపేసింది.

పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఆ గుట్టుకి ఎసరొచ్చింది. తెచ్చింది వెంకటేశప్ప కూతురు మునిరత్న, ఏడేళ్ళది.

వెంకటేశప్పకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు అశ్వత్థ, పన్నెండేళ్ళు, రెండేళ్ళ కిందటే మజ్జిగ పరీక్ష పాసయ్యాడు. చివరివాడు చిన్నప్ప, నాలుగేళ్ళు, వాడికింకా ఏ పరీక్షా లేదు. నడిమిది మునిరత్న. కిందటేడు సగం మజ్జిగ నెత్తిన పోసుకుని ఫెయిలైన దగ్గర్నుంచి అది కూర్చున్నదీ లేదు, నిలబడ్డదీ లేదు. ఏడాది పొడుగునా చెంబుతో నీళ్ళు పట్టుకుని నిచ్చెన ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఆ అమావాస్య పొద్దున వీధంతా చూస్తుండగా టకటకా ఎక్కింది, "నాలుగు కుక్కలు, ఒకటి కుంటిది" అని అరిచింది, టకటకా దిగింది. చెంబు చుట్టూ తడి లేదు.

"శెభాష్! పదేళ్ళు నిండకుండా పాసైంది ఇదొక్కతే కదప్పా! ఈ దినం దీన్ని ఎక్కించకపోతే నా పేరు సొన్నమ్మే కాదు" అని ఆమె అందరి ముందూ మాటిచ్చేసింది. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడేం తెలుసు పాపం!

ఎగ్జిబిషన్‌లో చేటంత అప్పడాలు తిన్నాక, చిన్నప్పని అశ్వత్థకి అప్పజెప్పి, సొన్నమ్మ మునిరత్న చెయ్యి పట్టుకుని జెయింట్ వీల్ దగ్గరికి పోయింది. టికెట్లు చింపే ఆయన పిల్లని ఎగాదిగా చూశాడు.

"పదేళ్ళు నిండనోళ్ళకి తోడుగా పెద్దోళ్ళు ఎక్కాలమ్మా. నువ్వూ రా."

సొన్నమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "నేనా? నాకి మోకాళ్ళప్పా."

"అందులో నడిచేది ఏముండాది? కూచునేదే కదా!"

వీధిలో ఎవరితోనైనా వాదించి నెగ్గే మనిషి, ఆ మాట వదిలేసి పిల్లకి తోడు వెతకడం మొదలుపెట్టింది. పక్కన క్యూలో ఉన్న ఒకావిణ్ణి, "అమ్మా, మా పిల్లని నీతో కూచోబెట్టుకుంటావా?" అని అడిగింది. ఆవిడ చంకల్లో అప్పటికే ఇద్దరున్నారు. ఒక ముసలాయన్ని అడగబోయింది, ఆయన నిలబడ్డచోటే ఊగుతున్నాడు. మునిరత్న ఇదంతా చూసి అత్త మొహంలోకి చూసింది.

"అత్తా, నీకి భయమా?"

"నాకేమిటికే భయం!"

"మళ్ళా నా చెయ్యి ఏమిటికి అట్ల పిసకతా ఉండావు?"

సొన్నమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్ల కాసేపు కాలి బొటనవేలితో నేల గీకింది. "పోనీలే అత్తా, వద్దులే" అని వెనక్కి తిరిగింది. ఏడాది పాటు నిచ్చెన ఎక్కిన కాళ్ళు అవి. వాటిని అలా వెనక్కి తిరగనిస్తే ఇక ఏ మొహం పెట్టుకుని పిల్లలకి పరీక్షలు పెట్టాలి? సొన్నమ్మకి తన మీద తనకే ఒళ్ళు మండింది. కొంగు బిగించి దోపుకుని, "పాసైనోళ్ళు ఎక్కల్ల. నడువు!" అని పిల్లని లాక్కుపోయి తొట్టెలో కూలబడింది.

చక్రం కదిలింది. ముందు మెల్లగా, తర్వాత మెల్లగా కాదు. సొన్నమ్మ కళ్ళు మూసుకుని, ఇనపకడ్డీని రెండు చేతులా పట్టుకుని, కులదేవత చౌడేశ్వరిని పేరుపెట్టి పిలిచింది. తొట్టె పైకి పోయి కిందికి జారింది. అప్పుడు పక్కనుంచి ఒక కేక వినిపించింది. అది తన కేక కాదు.

"అత్తా, దింపమను! నాకొద్దు! దింపమను!"

మునిరత్న ఆమె నడుం పట్టుకుని వేలాడుతోంది.

"నువ్వు పాసైంటివి కదే!"

"మన నిచ్చెన తిరగదు కదత్తా!"

పదేళ్ళలో ఒక్కసారి కూడా సొన్నమ్మకి తట్టని సంగతి అది. నిజమే కదా, నిచ్చెన తిరగదు! పిల్లని ఒక చేత్తో గట్టిగా అదుముకుని, ఎగ్జిబిషన్ మొత్తానికి వినపడేలా అరిచింది. "ఆపప్పా! నాయనా, ఆపు! నాకి భయమైతాది! పిల్లకి కాదు, నాకి!" పదేళ్ళ గుట్టు అలా రట్టయింది. చక్రం మాత్రం దాని చుట్లు అది తిరిగాకే ఆగింది.

కిందికి దిగాక ఇద్దరూ మట్టిలో చతికిలబడ్డారు. నాలుగు గుక్కల నీళ్ళు తాగగానే మునిరత్న మొహం వెలిగిపోయింది. "అత్తా, ఇంకో తూరి పోదామా?"

"చంపేస్తా" అంది సొన్నమ్మ. అంతలోనే నవ్వొచ్చింది. ఇప్పుడు దీనికి ఏ మార్కు వెయ్యాలో ఆమెకి అర్థం కాలేదు.

మగపిల్లల్ని వెతుక్కుంటూ పోతే, రేకు తొట్టిలో నీళ్ళ మీద తిరిగే బాతుపడవల దగ్గర దొరికారు. చిన్నప్ప ఒక పడవలో కూర్చుని కేరింతలు కొడుతున్నాడు. అశ్వత్థ తొట్టి అంచు మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. అత్తని చూసి తల వంచుకున్నాడు.

"నువ్వు అరిచింది వినిపించింది అత్తా. నాకీ అంతే. రెండేండ్లూ కండ్లు మూసుకునే కూచున్నా."

"ఓరి నీ! చెప్పలేదేమిరా?"

"పాస్ చేసిండావు కదా. వీధంతా చెప్పేస్తివి. ఇంకేం చెప్పేది?"

"నీకి ఏది ఇష్టమో అదైనా చెప్పకూడదా?"

"నువ్వు యెప్పుడు అడిగితివి?"

వాడు కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. సొన్నమ్మ లెక్క చూసుకుంది. పదేళ్ళలో ఎన్ని చెంబుల మజ్జిగ పోసింది, ఎందరు పిల్లల్ని స్తంభం చుట్టూ తిప్పింది! ఏం కావాలని ఒక్కణ్ణీ అడిగిన గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"ఇప్పుడు అడగతా ఉండా. చెప్పు" అంది చివరికి.

అశ్వత్థ వేలెత్తి బాతుపడవ చూపించాడు. అన్నిటికన్నా కింది ఆట అది, ఆరో ఏట స్తంభం పరీక్ష పాసైన నాటి నుంచి వాణ్ణి దాని దగ్గరికి పోనివ్వలేదు.

పడవలాయన తల అడ్డంగా ఊపాడు. "ఆరేండ్ల పిల్లోళ్ళకమ్మా ఇవి. ఈ పిల్లోడికి ఇంకో ఏడాదికి మీసాలొస్తాయి."

"వద్దులే అత్తా, సుమ్నె, ఊరికినే చెప్పినా" అన్నాడు అశ్వత్థ, పెద్దమనిషి గొంతుతో. ఆ గొంతు విని సొన్నమ్మ గుండె కలుక్కుమంది. వీణ్ణి ఆరేళ్ళకే పెద్దవాణ్ణి చేసి కూర్చోబెట్టింది తనే. ఆ గొంతు తను నేర్పిందే.

"ఏమప్పా, బిడ్డని చూడు, నూలుపోగు మాదిరి ఉండాడు! మునిగితే మునగనీ, తీసేకి నేనుండా. చిన్న పిల్లోళ్ళు దిగినాక ఒక్కణ్ణే ఎక్కించు" అని పడవలాయన వెంటపడింది. బతిమాలింది, కసిరింది, వాళ్ళమ్మ ఆరోగ్యం అడిగింది. ఆయన విసిగిపోయి చేతులెత్తేశాడు.

అశ్వత్థ మోకాళ్ళు చెవులకి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. బాతు మెడదాకా నీళ్ళలోకి దిగింది, వాడి నిక్కరు తడిసింది. వాడికదేం పట్టలేదు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మునిరత్న, చిన్నప్ప తొట్టి పక్కన గంతులేస్తున్నారు.

"ఎన్ని సుట్లు తిప్పేదమ్మా?" అని పడవలాయన సొన్నమ్మని అడిగాడు.

సొన్నమ్మ కళ్ళు తుడుచుకుని తొట్టి మీదికి వంగింది. "నువ్వు చెప్పురా అశ్వత్థా, ఎన్ని కావల్ల నీకి?"