ఏడు గంటల పిడికిలి

ఆ ల్యాబులో రక్తం తీసే ఆవిడకు అమ్మానాన్నలు మంచి పేరే పెట్టి ఉంటారు గానీ, ఇరవై ఆరేళ్లుగా దాన్ని పలికిన పాపాన పోయినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వేలత్తయ్యే. మిగతాచోట్ల సూది గుచ్చే ముందు పిడికిట్లో రబ్బరు బంతి పెడతారు. ఈవిడ తన ఎడమచేతి చూపుడు వేలు పెడుతుంది. "ఊఁ, పట్టుకో. గట్టిగా! విరిగితే నీ పూచీ ఏం కాదులే" అంటుంది. ఆ మాటల సందడిలోనే నరం దొరికిపోతుంది. యజమాని ఇప్పటికి మూడుసార్లు కొత్త బంతులు తెచ్చాడు. అవి ఎక్కడికి దొర్లిపోయాయో ఆవిడకే తెలియాలి, అడిగితే చెప్పదు.

ఆవిడ నోరు మంచిది కాదంటారు. నిజమే. ఖాళీ కడుపుతో రమ్మంటే టీ తాగి వచ్చినవాళ్లను గుమ్మంలోనే దులిపేస్తుంది. కీళ్లనొప్పులవాళ్లు వస్తే మాత్రం లేచి వెళ్లి తలుపు తనే తీస్తుంది. ఆ గుండ్రటి పిడి తిప్పడం వాళ్లకెంత గండమో తెలుసు కాబట్టి.

కీళ్లవాళ్లకు సాధారణంగా రెండు పరీక్షలు రాస్తారు. ఒకటి ఈఎస్సార్. రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో గంటసేపు నిలబెట్టి, ఎరుపు ఎంత కిందికి దిగిందో కొలుస్తారు. ఒంట్లో వాపు ఉంటే తొందరగా దిగుతుంది. రెండోది సీఆర్పీ, వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక పదార్థం లెక్క. వేలత్తయ్యకు రెండింటి మీదా గౌరవమే. గొట్టం నిలబడి ఉన్నంతసేపూ ఎవరైనా బల్లకు ఆనుకున్నారా, వాళ్ల పని అయిందే.

ఒకరోజు ఉదయం ఏడింటికి ఓ అమ్మాయి వచ్చింది, తోడుగా వాళ్లక్క. అమ్మాయి చొక్కాలు కుట్టే దుకాణంలో కాజాలు కుడుతుంది. నాలుగు నెలలుగా పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. మధ్యాహ్నం దాటాకే సడలుతున్నాయి. ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటానని టైలరు చెప్పేశాడు.

"ఇది రెండోసారండీ" అంది అక్క. "పోయినసారి అంతా మామూలుగానే ఉందన్నారు. సాయంత్రం డాక్టరుగారు చూస్తే చేతులూ బాగానే ఉన్నాయి. మళ్లీ తెల్లారితే ఇదే గోల. పనికి వెళ్లడానికి బద్ధకమేమోనని మాకు అనుమానం."

అమ్మాయి చెయ్యి బల్ల మీద పెట్టింది. చెప్పీ చెప్పీ అలసిపోయినట్టుంది.

వేలత్తయ్య వేలు అందించింది. "పట్టుకో తల్లీ."

అమ్మాయి వేళ్లు సగం వంగి ఆగిపోయాయి. నెలల బిడ్డ కూడా అంతకంటే గట్టిగా పట్టుకుంటుంది. పంటి బిగువున నొప్పి ఆపుకుంటూ ఇంకా ప్రయత్నిస్తోంది, నుదుటి మీద చెమట. రెండో చెయ్యీ అంతే. వేలత్తయ్య తన వేలు మెల్లగా వెనక్కి తీసుకుని నరం వెతుక్కుంది.

గంట తర్వాత చూస్తే గొట్టంలో ఎరుపు తీరిగ్గా, మామూలుగా దిగి ఉంది. సీఆర్పీ కూడా హద్దులోనే ఉంది. ఎవరి మీద కోప్పడాలో తెలియక గొట్టాన్నే నాలుగు తిట్టింది. మిగిలిన రక్తాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మళ్లీ గంట కూర్చుంది. అదే అంకె. ఈ కాగితం సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తుంది. అప్పటికి చేతులూ సడలి ఉంటాయి. అమ్మాయి అబద్ధాలకోరన్న పేరు మోసుకుని ఇంటికి పోతుంది.

రిపోర్టు మీద సొంత రాతలు కూడదని యజమాని గట్టిగా చెప్పాడు. అంతకుముందు ఎవరిదో రిపోర్టు మీద 'ఈయన వేళకు తినడం లేదు' అని రాసి చీవాట్లు తిన్న మనిషి ఈవిడ. అయినా పెన్సిలు తీసింది. 'ఉదయం ఏడు గంటలు. రెండు చేతులతోనూ నా వేలు పట్టుకోలేకపోయింది. ఒక్కసారి పొద్దున్నే చూడండి.' కింద సంతకం కూడా చేసింది, తిట్టేవాళ్లకు వెతుక్కునే శ్రమ లేకుండా.

మర్నాడు డాక్టరు ఫోన్ చేశాడు. యజమాని మొహం మాడ్చుకుని ఫోను ఆవిడ చేతికిచ్చాడు.

"రేపు ఏడింటికి ఆ అమ్మాయిని అక్కడికే రమ్మనండమ్మా. నేనూ వస్తాను."

అన్నట్టే వచ్చాడు. వేలి కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. మూడుచోట్ల అమ్మాయి చెయ్యి లాగేసుకుంది.

"కీళ్లలో వాపు ఉన్నా కొందరికి రక్తంలో ఈ అంకెలు పెరగవు" అన్నాడు అక్కతో. "మీ చెల్లెలు చెప్పింది నిజమే. సాయంత్రం చేతులు చూసి నేనే పొరపడ్డాను." కీళ్లకు స్కాన్ తీయించి మందులు మొదలుపెడతానన్నాడు.

అక్క చెల్లెలి చేతులు రెండూ పట్టుకుని భోరుమంది.

"మెల్లగా పట్టుకోవమ్మా, దానికి నొప్పి!" అని కసిరింది వేలత్తయ్య, తన కళ్లు తుడుచుకుంటూ.

అయిదు నెలల తర్వాత అమ్మాయి మళ్లీ పరీక్షకు వచ్చింది, పొద్దున ఏడింటికే. తలుపు పిడి తనే తిప్పుకుని లోపలికి వచ్చింది. వేలత్తయ్య అలవాటుగా వేలు అందించింది.

"అబ్బా! వదులు తల్లీ, వదులు!"

అమ్మాయి వదల్లేదు. నవ్వుతూ ఇంకాస్త బిగించింది.

ఆ రోజు కూడా గొట్టంలో అంకె మామూలే, మునుపటిలాగే. వేలత్తయ్య దాన్ని రిపోర్టులో ఎక్కించి, పక్కన పెన్సిలుతో, 'నా వేలు ఇంకా నొప్పిగానే ఉంది' అని రాసి డాక్టరుకు పంపింది.