తాడు లాగని నెలలు

నీటి మోటార్లు తయారుచేసే ఆ షెడ్డులో వరస చివర ఒక బల్ల ఉండేది. ఆ బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళు నిలబడ్డ మనిషిని అందరూ తాడక్క అనేవాళ్ళు. బిగింపులన్నీ పూర్తయి వచ్చిన మోటారుకు కరెంటిచ్చి, దాని ఒంటిమీద అరచెయ్యి ఆనించి, ఓ నిమిషం చెవి పెట్టి వినడం ఆవిడ పని. లోపల బేరింగు గరగరలాడినా, మోటారు ఒళ్ళు వేడెక్కినా, తలపైన వేలాడే ఎర్రతాడు లాగేది. వరస మొత్తం టక్కున ఆగిపోయేది. గిట్టనివాళ్ళు తాడక్కని కాస్తా తాటకి చేసి నవ్వుకునేవాళ్ళు. అది విని ఆవిడా నవ్వేది.

షెడ్డు యజమానిని పెద్దాయన అనేవాళ్ళు. పొద్దున్నే చొక్కా చేతులు మడుచుకుని వరస పొడుగునా నడిచేవాడు. ఒకసారి తాడక్క వరస ఆపితే, మోటారు విప్పి చూశాక అందులో ఏ లోపమూ కనబడలేదు. సూపర్‌వైజరు చిర్రుబుర్రులాడాడు. పెద్దాయన అతన్ని పక్కకి పిలిచాడు.

"ఊరికే ఆపితే పోయేది అరగంటేనయ్యా. ఊరికే వదిలేస్తే పోయేది మన మాట. ఇంకోసారి ఆవిణ్ణి ఏమన్నా అంటే నేనూరుకోను."

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఆ సూపర్‌వైజరు వయసైపోయి వెళ్ళిపోతే, ఆ చోటు తాడక్క తమ్ముడికి దక్కింది. వాణ్ణి పనిలో పెట్టించిందీ ఆవిడే, బేరింగు పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే.

పెద్దాయన పోయిన ఏడాదికి వారసులు షెడ్డుని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. గొంతు పెంచేవాడు కాదు, అందర్నీ గారు అనే పిలిచేవాడు. కానీ మేడమీద అద్దాల గది దిగి వచ్చేవాడు కాదు. రోజూ పదిగంటలకి మాత్రం అందర్నీ గేటు దగ్గర నిలబెట్టించి లెక్క చదివించేవాడు. ముందురోజు అనుకున్నన్ని మోటార్లు తయారుకాకపోతే, సూపర్‌వైజరు ఎర్ర అట్ట పట్టుకుని ముందుకొచ్చి కారణం చెప్పాలి.

అదే నెలలో బేరింగులు కొత్తచోటి నుంచి కొనడం మొదలైంది. చవకగా వచ్చాయిట. తాడక్క ఒక్క వారంలో మూడుసార్లు తాడు లాగింది. మూడుసార్లూ తమ్ముడు అట్ట పట్టుకున్నాడు.

ఆవిడ ఏడు బేరింగులు గుడ్డసంచిలో వేసుకుని మేడెక్కింది. మేనేజరు కుర్చీ చూపించాడు, మంచినీళ్ళిప్పించాడు.

"మీ అనుభవం మాకు చాలా విలువైందండీ. ఈ ఫారం నింపి పంపండి, పైవాళ్ళు చూస్తారు."

ఫారంలో ఇరవై రెండు గళ్ళున్నాయి. దర్జీపని చేసే భర్త మిషను పక్కన పెట్టి, ఆదివారమంతా కూర్చుని గుండ్రంటి అక్షరాలతో నింపి పెట్టాడు. రెండు వారాలకి అది తిరిగొచ్చింది, ఒక గడి ఖాళీగా ఉందని. బేరింగులు అమ్మినవాళ్ళ నంబరు అందులో రాయాలిట. కొనుగోళ్ళ గుమాస్తాని అడిగితే, అది నాణ్యత విభాగానికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదన్నాడు. నాణ్యత విభాగానికి ఫోన్ చేస్తే, ముందు ఫారం పూర్తిగా రావాలన్నారు. ఆ గడి అలాగే ఖాళీగా ఉండిపోయింది.

మరుసటి ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. కొన్నాళ్ళు ఆ తాడు ముట్టుకోకు."

"చెడ్డదని తెలిసీ ఎలా వదలమంటావురా?"

"నా కింద పనిచేసేవాళ్ళ ముందు ఆ అట్ట పట్టుకుని నిలబడుతున్నా. నవ్వినా బాగుండేది. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఇంకో రెండుసార్లయితే నన్ను తీసేస్తారు. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి."

ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "సరేలే, అన్నం తిని వెళ్ళు" అంది.

సోమవారం నుంచి గరగరలాడిన మోటారుకి కూడా బాగుందని చీటీ కట్టి సంతకం పెట్టింది. మొదటిరోజు ప్రతి చీటీకీ ఒకసారి తాడు వైపు చూసింది. నెల తిరిగేసరికి చూడటం మానేసింది. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది. వైండింగు దగ్గరివాళ్ళు కూడా తీగచుట్ట వదులుగా ఉన్నా చూసీ చూడనట్టు పంపేశారు. తిలాపాపం తలా పిడికెడు. ఆర్నెల్లపాటు ఒక్కసారి కూడా ఆగని వరసగా వాళ్ళకి బహుమతి వచ్చింది. అందరూ కలిసి ఫొటో దిగారు. అందులో ఆవిడ రెండో వరసలో, కళ్ళు మూసుకుని ఉంది.

ఎండలు ముదిరాక మోటార్లు లారీల్లో వెనక్కి రావడం మొదలైంది. ఆవరణంతా కాలిన తీగవాసన. అప్పటికి మేనేజరు పెద్ద హోదా మీద వేరే ఊరు వెళ్ళిపోయాడు. అతని చోట వచ్చినాయన విచారణ పెట్టాడు.

"ఈ చీటీల మీద సంతకాలు మీవేనా?"

"నావేనండి."

"లోపం ఉందని తెలుసా?"

"తెలుసండి. చెప్పాను కూడా."

కాగితాలు తిరగేశారు. పూర్తికాని ఫారాలు దాచరట. తప్పెవరిదో రాసిమ్మని సూపర్‌వైజరుకి ఒక తెల్లకాగితం ఇచ్చారు. వాడు అక్క పేరు రాశాడు. ఆవిణ్ణి ఆ వారమే పంపించేశారు. అయినా కొనేవాళ్ళు రాలేదు. మూడు నెలలకి షెడ్డు మూతపడి, తమ్ముడూ రోడ్డున పడ్డాడు.

తాడక్క పనికోసం రెండుచోట్ల అడిగింది. ఏ కంపెనీయో వినగానే, "ఆ మోటార్లేనా?" అన్నారు. ఇక అడగలేదు. భర్త కుట్టిన చొక్కాలకి గుండీలు వేస్తూ ఇంట్లోనే ఉండిపోయింది.

ఒకరోజు మరదలు వచ్చింది.

"వదినా, ఆయన మంచం దిగట్లేదు. మీరొకసారి రండి."

వెళ్ళింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రాసింది నేనే అక్కా."

"తెలుసురా."

"ఓసారి తిట్టు. తిట్టేసి పో."

తిట్టాలనే ఆవిడ నోరు తెరిచింది. ఏ మాటా దొరకలేదు. మంచం పట్టె మీద కాసేపు కూర్చుంది. వాడు ఇటు తిరగలేదు. మరదలు పెట్టిన టీ సగం తాగి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది.