విల్హో ఎడమ చేయి

కెనడాలోని విండ్సర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి వంటగదిలో, కిటికీ పైన గోడకు అడ్డంగా ఒక చెక్క ఈటె ఉంటుంది. కొత్తగా దిగిన రోజు నా రూమ్మేట్ ఏనీ దాన్ని చూసి, "కర్టెన్లు ఉతకడానికి తీసినట్టున్నారు" అంది. ఆ మాటకు ఇంటావిడ ఐలీ ఆంటీ ఇప్పటికీ నవ్వుతుంది. అది ఆవిడ తాత విల్హో ఈటె.

విల్హో ఫిన్లాండ్‌లో ఒక వడ్రంగి కొడుకు. ఈటె తనే చెక్కుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడ ఒక చిత్రమైన పోటీ ఉండేది. ముందు కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో విసరాలి. రెండు దూరాలూ కలిపి లెక్క. కుడి చేతి వీరులు ఊరికొకరు ఉండేవారు కానీ, ఎడమ చేతి వంతు వచ్చేసరికి చూసేవాళ్లు చెట్ల వెనక్కి పరుగెత్తేవారట. అందుకని విల్హో ఒక చలికాలమంతా ఎడమ చేత్తోనే కట్టెలు కొట్టాడు, ఎడమ చేత్తోనే సూపు తాగాడు, గడ్డం కూడా ఆ చేత్తోనే గీసుకున్నాడు.

"ఆ ఏడాది ఫొటోలో మా తాత ముఖమంతా గాట్లే" అంటుంది ఐలీ ఆంటీ.

ఎండలొచ్చేసరికి జిల్లా పోటీ గెలిచాడు. దేశం జట్టులోకి మాత్రం తీసుకోలేదు. కుడి చేయి కాస్త బలహీనం అన్నారట. అది తలుచుకుని ఆయన బతికినంతకాలం నవ్వుకున్నాడు.

తర్వాత చెట్లు కొట్టే పనికి కెనడా వచ్చి, చివరికి ఈ ఊరి కార్ల ఫ్యాక్టరీలో తేలాడు. మిగతావాళ్లు బోల్టులు బిగించడానికి అటూ ఇటూ తిరుగుతుంటే విల్హో ఉన్నచోటే నిలబడి రెండు చేతులతో రెండు వైపులా బిగించేసేవాడు. ఒకసారి యంత్రంలో కుడి చేతి వేళ్లు రెండు పోయాయి. ఆ వేసవి ఫిన్నిష్ క్లబ్బు పిక్నిక్‌లో ఆయన కుడి చేత్తో విసిరిన ఈటె కాళ్ల దగ్గరే పడింది. ఎడమ చేత్తో విసిరింది బంగాళాదుంపల సలాడ్ పెట్టిన బల్ల దాటి పోయింది.

"రెండూ కలపండి" అన్నాడు, ఏమీ జరగనట్టు.

అప్పటినుంచి ఆ పిక్నిక్ ఆటలు ఆ ఈటెతోనే మొదలవుతాయి. విల్హో ఇంటి మనిషే విసరాలి, రెండు చేతులతోనూ విసరాలి. విసిరేవాళ్లు లేని ఏడాది ఈటె క్లబ్బులోని అద్దాల బీరువాకి వెళ్లిపోవాలి. ఆ షరతు పెట్టింది కూడా ఆయనే. ఇంట్లో ఊరికే ఉంటే దానిమీద బట్టలారేస్తారని ఆయన భయం.

ఆ ఇంటికి ఇప్పుడు మిగిలింది ఐలీ ఆంటీ ఒక్కతే. ఎనభై దాటినా ఏటా విసురుతూనే ఉంది. ఈ మార్చిలో మంచు మీద జారిపడి ఎడమ భుజం విరిగింది. పిక్నిక్ నాటికి కట్టు విప్పారు గానీ చేయి పైకి లేవలేదు. క్లబ్బు సెక్రటరీ మార్టి ఫోన్ చేసి, బీరువాలో చోటు చేసి ఉంచానని మర్యాదగా చెప్పాడు. ఆ పూట ఆవిడ కాఫీ కూడా కలుపుకోలేదు.

ఏనీయే కలిపి తెచ్చింది. ఏనీది ఎడమ చేతి వాటం. కప్పు ఎడమ చేత్తోనే తెచ్చి, ఇచ్చే ముందు కుడి చేతికి మార్చుకుంది. సగం కాఫీ బల్ల మీద పడింది. రోజూ జరిగేదే.

"ఆ చేత్తోనే ఇవ్వచ్చుగా? అదేం పాపం చేసింది?"

"ఎడమ చేత్తో ఇస్తే మా నానమ్మ పుచ్చుకునేది కాదు ఆంటీ. చర్చిలో కానుక కూడా ఆ చేత్తో వేయనిచ్చేది కాదు."

ఐలీ ఆంటీ ఏనీ చేతి వంక చూసింది. తర్వాత కిటికీ పైకి చూసింది.

పిక్నిక్‌లో ముందు ఆంటీ కుడి చేత్తో విసిరింది. ఈటె చక్కగా వెళ్లి గడ్డిలో దిగింది. తర్వాత ఏనీ ముందుకొచ్చింది.

"ఈ అమ్మాయి ఎవరు?" అన్నాడు మార్టి.

"నా ఎడమ చేయి."

"ఐలీ, ఇంటి మనిషే విసరాలి."

"మా ఇంట్లోనే ఉంటోంది. నా ఫ్రిజ్ నిండా దాని పచ్చళ్లే. ఇంకెలా ఉండాలి ఇంటి మనిషంటే?"

"రెండు చేతులూ ఒక్కరివే కావాలి కదా!"

"ఆ మాట మా తాత అనగా నువ్వు విన్నావా? నువ్వు పుట్టకముందే పోయాడాయన."

మార్టి నవ్వాపుకుంటూ టేపు తీశాడు. ఏనీ మొదటిసారి పరుగెత్తి, విసరడం మరిచిపోయి ఈటెతో సహా గీత దాటేసింది. "పెళ్లికూతుర్ని ఎత్తుకుపోతున్నట్టుంది!" అని ఎవరో అరిచారు. రెండోసారి కళ్లు మూసుకుని విసిరింది. ఈటె వంకర టింకరగా పోయి, పడిపోతుందేమో అన్నట్టు ఊగి, మొన నేలలో దిగి నిలబడింది. ఐలీ ఆంటీ ఒంటి చేత్తో తొడ చరిచింది. రెండూ కలిపినా అన్నేళ్లలో అదే తక్కువ దూరమట. ఎవరూ పట్టించుకోలేదు.

వచ్చేటప్పుడు ఈటె తోక కారు కిటికీలోంచి బయటికి ఉంది. ఏనీ దాన్ని పట్టుకుని వెనక సీట్లోంచి నరసాపురానికి వీడియో కాల్ చేసింది. జ్ఞానవతి నానమ్మ అంతా విన్నది.

"ఆ చేత్తోనేనా విసిరావు?"

"ఆ చేత్తోనే, నానమ్మా."



"ఆవిడది దూరం పడిందా, నీదా?"

"ఆవిడదే."

"ఆవిడకి ఎనభై ఏళ్లంటివి కదే! సిగ్గు లేకపోతే సరి. ఆ చేయి ఇంకాస్త సాధకం చెయ్యి."

నానమ్మ ఏమందని ఐలీ ఆంటీ అడిగితే ఏనీ ఇంగ్లీషులో చెప్పింది. "వచ్చే ఏటికి నా భుజం బాగైపోతుంది, నీతో పనుండదు" అంది ఆంటీ. ఇంటికెళ్లి ఈటెను మళ్లీ కిటికీ పైకి ఎక్కించాక మాత్రం, "అయినా మీ నానమ్మ చెప్పినట్టు విను. రేపట్నుంచి సూపు ఆ చేత్తోనే తాగు" అంది.

"నేనెప్పుడూ ఆ చేత్తోనే తాగుతాను కదా ఆంటీ!"

"అయితే కుడి చేత్తో తాగు. రెండూ కలిపే కదా లెక్క!"