నాగశ్రీ ఎడమ భుజం

పాప తల నేలకు కొట్టుకుంటే? రెండో తరగతి పిల్ల. కర్నూలు నేల సంగతి తెలిసిందే, నాలుగు వానలు పడ్డప్పుడు తప్ప ఏడాది పొడుగునా బండలాగే ఉంటుంది. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుందని నాకు తెలుసు. తెలియకపోతే కొంచెం సుఖంగా ఉండేదాన్నేమో.

ఈ మాటలన్నీ నేను బడి మైదానం అంచున నిలబడి ఆటల టీచరుతో గుక్క తిప్పుకోకుండా అనేశాను. అప్పటికి ఆమె పేరైనా అడగలేదు. ఆమె చంకలో కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద బంతి ఒకటి ఉంది.

"మేడం, మీరు సైన్సు చెప్తారా యాడన్నా?" అంది.

"జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ. ఎందుకు?"

"ఏం ల్యా. ఇంత లెక్కగా భయపడేది సైన్సోళ్ళే." నవ్వింది. "ఇది రగ్బీ మేడం. పెద్దోళ్ళయితే పట్టుకొని పడేస్తారు. పిల్లోళ్ళకు ఆ పని ల్యా. నడుముకు గుడ్డ చెక్కింటాము, అది పీకితే ఆట ఆపల్ల. సూడండి, మీ పాప మూడు గుడ్డలు పీకింది అప్పుడే."

ఆమే నాగశ్రీ. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. పాప కోసం సాయంత్రాలు ఎదురుచూస్తూ మైదానం పక్క అరుగు మీద కూర్చునేదాన్ని. పిల్లలు నీళ్ళు తాగడానికి పోయినప్పుడు ఆమె కూడా వచ్చి కూర్చునేది. కొన్నాళ్ళకు మేడం పోయి అక్క అయ్యాను. ఆమె కథ నాకు అట్లా ముక్కలు ముక్కలుగా తెలిసింది.

వాళ్ళది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్న తిమ్మన్నకు చేనుంది, అంతకన్నా ముఖ్యంగా బండలాగుడు పోటీలకు పెంచే ఎద్దుల జత ఉంది. ఇంట్లో మనుషులకు లేని ఉలవలు ఎద్దులకు ఉండేవి. నాగశ్రీ కాలేజీలో కబడ్డీ ఆడేది. కడపలో ధనుంజయ అనే కోచ్ ఆమె ఆట చూసి, కబడ్డీకి ఏడుగురే, ఈ రగ్బీకీ ఏడుగురే, నీ పట్టు దీనికి పనికొస్తుందని పిలిచాడు. గడ్డి మైదానం ఎక్కడుంది మాకు? పెన్నలో నీళ్ళు లేని రోజులే ఎక్కువ కాబట్టి ఇసుకలోనే నేర్పాడు. పడితే దెబ్బ తగలదు, పరిగెత్తితే మాత్రం ఊపిరాడదు.

తిమ్మన్న ఒకసారి ఏటి గట్టున నిలబడి అంతా చూశాడట.

"ఇదేం ఆటమ్మే? ముందుకు పరిగెత్తుతాండారు, బంతి మాత్రం ఎనక్కి ఇస్తాండారు!"

"రూలే అట్ల నాయనా. ముందుకు ఇయ్యకూడదు."

"ఎనకాల ఉండేటోడు నమ్మకస్తుడు కాకపోతే?"

"అందుకే గదా సార్ మమ్మల్ని కలిపి తోమేది," అందట ఈమె.

రెండువేల ఎనిమిదిలో ఆసియా ప్రాంతపు అర్హత పోటీలు వచ్చాయి. అందులో గెలిచిన జట్లు ప్రపంచ పోటీలకు పోతాయి. ఆడపిల్లల జట్టును ఎంచుకోవడానికి పుణెలో శిబిరం పెట్టారు. ధనుంజయ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరిని పిలిచారు, ఒకరు నాగశ్రీ, ఇంకొకరు అతని అన్న కూతురు రమ్యశ్రీ. ఇద్దరూ ఆడేది ఒకే స్థానం. పిల్లలకు తోడుగా ధనుంజయ కూడా వెళ్ళాడు. శిబిరం సగమయ్యేసరికి నాగశ్రీ పేరు ఖాయమని అందరూ అనేశారు. ఊళ్ళో వాళ్ళు ఆగలేదు. జమ్మలమడుగు బస్టాండులో ఆమె ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టేశారు. మా సీమలో ఏ సంబరమైనా ముందు ఫ్లెక్సీయే.

జట్టు ప్రకటించే ముందురోజు ఆటలో ఒక పిల్లను పట్టుకుని పడేటప్పుడు నాగశ్రీ ఎడమ భుజం ఆ పిల్ల కింద పడి నలిగింది. చెయ్యి లేస్తోంది, తల దాటి మాత్రం పైకి పోవడం లేదు. కాలర్ బోన్ చివర ఒక్క చోట వేలు పెడితే ప్రాణం పోతోంది. బయటికి ఏమీ కనపడదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడ వాళ్ళింటి పద్ధతి ఒకటి చెప్పాలి. పోటీకి తీసుకుపోయే ఎద్దు కాలు బెణికితే ఆ సంగతి ఇల్లు దాటదు. అవతలి జతల వాళ్ళు అడిగితే భేషుగ్గా ఉందనే చెప్తారు. కానీ బండ ముందర ఎద్దులను తోలే మనిషికి మాత్రం దాచరు. అతనికి తెలిస్తేనే ఆ పక్కకు బరువు పడకుండా తోలుతాడు, ఆ ఎద్దు మీద కర్ర వెయ్యడు. తోలేవాడు కూడా ఆ మాట ఇంకొకరి చెవిన వెయ్యడు. వేసినవాణ్ణి ఆ చుట్టుపక్కల ఏ పల్లెలోనూ మళ్ళీ ఎద్దుల దగ్గరికి రానివ్వరు. నాగశ్రీ పుట్టినప్పటి నుంచి చూసింది ఇదే. కోచ్ అంటే ఆమె మనసులో తోలేవాడే.

సాయంత్రం టీ దగ్గర ధనుంజయను పక్కకు పిలిచింది.

"సార్, ఎడమ భుజం నొస్తాంది. ఈ ఎముక కొసన. రేపు నన్ను ఆ పక్క నుంచి పట్టనీయాకండి. పోటీలకు నెల ఉండాది గదా, అప్పటికి తగ్గుతాది."

అతను వేలితో ఆ చోటు తడిమి చూశాడు.

"ఈడేనా?"

"ఆడే సార్."

"నాకు చెప్పి మంచి పని జేసినావు. ఇంగెవురికీ చెప్పాకు. నేను జూసుకుంటా."

ఆ మాట విన్నాక సగం నొప్పి పోయినట్టే అనిపించిందట ఆమెకు.

మరుసటి పొద్దున డాక్టరు వచ్చాడు. పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగి, మోకాళ్ళు వంచి చూసి పంపుతున్నాడు. నాగశ్రీ వంతు వచ్చింది. ఆమెను ఏమీ అడగలేదు. మోకాళ్ళ జోలికి పోలేదు. బొటనవేలు తిన్నగా తీసుకొచ్చి ఎడమవైపు కాలర్ బోన్ చివర ఆ చోటనే పెట్టి నొక్కాడు.

"కెవ్వుమన్న్యా అక్కా," అంది నాతో. "నొప్పికి కాదు. ఆ చోటు ఆయప్పకు ఎట్ల తెల్సు? వొళ్ళంతా ఉండంగా ఆడికే ఎట్ల వచ్చె ఆ వేలు?"

తల తిప్పి చూస్తే ధనుంజయ బంతిలో గాలి సరిచూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. మధ్యాహ్నం జట్టు చదివారు. నాగశ్రీ పేరు ఉండాల్సిన చోట రమ్యశ్రీ పేరు ఉంది.

ఆమె మూటాముల్లె సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి అతను ఎదురొచ్చాడు.

"నీ మంచికే చెప్పినా పాపా. రేప్పొద్దున చెయ్యి పడిపోతే మీ నాయనకు నేనేం జెప్పల్ల?"

"ఆడొద్దని నాకు జెప్పింటే నేనే మానుకుందును గదా సార్."

"నువ్వు మానుకునే రకమా?"

"అది నాకు జెప్పి సూడల్ల గదా. జూసుకుంటా అన్న్యావు. నన్ను జూసుకుంటావనుకున్న్యా."

అతను చార్జీలకు ఉన్నాయా అని అడిగాడు. ఆ ఒక్క మాటకు మాత్రం తనకు ఇప్పటికీ చెయ్యి లేస్తుందని, కుడి చెయ్యి అని, నవ్వుతూ చెప్పింది నాగశ్రీ. కళ్ళు నవ్వలేదు.

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సులో ఊరికి పోతే, బస్టాండులో ఫ్లెక్సీ అట్లాగే ఉంది. కూతురు తల దించుకుని దాని కిందుగా నడిచి వచ్చిందని విని, తిమ్మన్న తానే వెళ్ళి విప్పుకొచ్చాడు. మంచి గట్టి పట్ట, పారెయ్యడానికి మనసొప్పలేదు. గడ్డివామి మీద కప్పాడు. ఆ వానాకాలమంతా ఆమె మొహం ఆకాశం వైపు చూస్తూ వామి మీదే ఉంది.

"డాక్టరుకు సారే జెప్పినాడా?" అని ఒక్కసారే అడిగాడు తిమ్మన్న. అవునంటే, "తోలేటోడే చెప్పినాడా!" అని లేచి ఎద్దుల దగ్గరికి పోయాడు. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

కడప ఆసుపత్రిలో చూపిస్తే ఎముక విరగలేదు, కీలు దగ్గరి లిగమెంటు సాగిందంతే అన్నారు. అర్హత పోటీల నాటికి ఆ చెయ్యి తల మీదికి శుభ్రంగా లేచింది. ఆ పొద్దున పెరట్లో నిలబడి పదే పదే ఎత్తి చూసుకుందట. మన జట్టు అన్ని ఆటలూ ఓడి వచ్చింది. రమ్యశ్రీ మీద ఆమెకు కోపం లేదు. "ఆ పిల్లకేం తెల్సు? బాగా ఆడింది, నాకన్నా రోంత మెల్లగా పరిగెత్తుతాది, అంతే."

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. ఆ రోజు నుంచి నాగశ్రీ తన నొప్పి ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడాది కబడ్డీలో ఉంగరపు వేలు విరిగితే గుడ్డ చుట్టుకుని మొత్తం పోటీ ఆడింది. ఆ వేలు ఇప్పటికీ పక్కకు వంగే ఉంటుంది. విజిల్ పట్టుకున్నప్పుడు కనిపిస్తుంది.

ఇదంతా ఆమె ఒకేసారి చెప్పలేదన్నాను కదా. ఆ వేలి సంగతి, దాంతోపాటు ఇంకో మాట మాత్రం పోయిన నెల చెప్పింది. పాప కుంటుతూ ఆమె దగ్గరికి వచ్చి, "మిస్, మోకాలు నొస్తాంది" అంది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క ఉదుటున లేచాను.

"ఇంక ఆట లేదు గీట లేదు. పద ఇంటికి. రేపటి నుంచి మానేస్తున్నావు."

పాప మొహం చూడాలి. అప్పటిదాకా పట్టుకున్న మోకాలును ఠక్కున వదిలేసి నిటారుగా నిలబడింది. "ఏం ల్యామ్మా, ఉత్తిగే అన్న్యా," అంది. అడుగు వేస్తే కుంటుతూనే ఉంది.

నాగశ్రీ పాపను కూర్చోబెట్టి, మోకాలు తడిమి, తడిగుడ్డ వేసి, నన్ను అవతలికి తీసుకుపోయింది.

"సూసినావా అక్కా? ఇంగ చెప్పదు. నేనూ అట్లే నేర్చుకున్న్యా," అని తన వంకర వేలు చూపించింది. "పిల్ల నొప్పి చెప్పిన దినం దాని ఆట తీసేయాకు. 'నాకు చెప్పి మంచి పని జేసినావు' అని ఊరికే అనాకు, అన్న్యాక అది నిజంగానే దానికి మంచి అయ్యేటట్ల జెయ్యి. ముందు దాన్నే అడుగు, ఏం జేద్దామని. ఆపక తప్పదంటే దాని మొగం సూసి దానికే చెప్పు, ఎన్నాళ్ళో కూడా చెప్పు. దానికి తెలీకుండా మాత్రం ఎవురికీ చెప్పాకు, డాక్టరుకైనా సరే."