పాత రాగి వాషరు

నాకు మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్ చాలా ఏళ్ల క్రితమే షెడ్డు, పానాలు నా చేతికిచ్చి, తాను జీపు నడుపుకోవడం మొదలుపెట్టాడు. ఖానాపూర్ నుంచి నిర్మల్‌కు మనుషులను తీసుకెళ్లే జీపు. ఈమధ్య దాని ఇంజిన్ చేతులెత్తేస్తే, వేరే జీపులోంచి తీసిన ఇంజిన్ తెచ్చి నేనే బిగించాను. ఉస్తాద్ బండికి నేను ఇంజిన్ మార్చానని ఊరంతా చెప్పుకు తిరిగాను.

వారం తిరక్కముందే ఆయన షెడ్డుకు వచ్చాడు.

"పొద్దుగాల స్టార్ట్ అయితలేదురా. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగుతుంది."

నేను తాళంచెవి తిప్పితే ఒక్కసారికే అందుకుంది. ఒక రోజు షెడ్డులోనే ఉంచుకుని మర్నాడు పొద్దున చూసినా అంతే. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, హీటర్ ప్లగ్గులు అన్నీ చూశాను. ఏ లోపమూ లేదు. మూడోసారీ అదే మాట పట్టుకుని వచ్చేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. జీపులో ఉన్న ఆరుగురి ముందే అనేశాను.

"ఇంజిన్ మంచిగనే ఉంది ఉస్తాద్. నీ చెయ్యే ముసలిదైంది."

ఆయన జీపు తీసుకుని వెళ్లిపోయాడు. శుక్రవారం తెలిసింది, ఆదివారం బోథ్ నుంచి ఒకతను వచ్చి ఆ జీపు కొనుక్కుపోతాడట. తాగుతున్న టీ అక్కడే పెట్టేశాను. ఉస్తాద్ ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ఒకసారి కూర్చున్నాడా, మళ్లీ లేవడు.

శనివారం తెల్లవారగానే వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు గడ్డ మీద ఉంటుంది. ఏటవాలు వాకిట్లో జీపు మూతి పైకి, వెనక భాగం పల్లానికి పెట్టి ఉంది. సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ గిర్రున తిరిగింది తప్ప అందుకోలేదు. పదిసార్లు కొట్టాను. నా చెయ్యి ముసలిది కాదు కదా.

అప్పుడు వెలిగింది. నా షెడ్డు నేల చదును. ఇక్కడ ఇంజిన్ పైన, వెనకున్న ట్యాంకు కింద. పైపులోకి ఎక్కడైనా గాలి చొరబడితే తెల్లారేసరికి డీజిలంతా ట్యాంకులోకి జారిపోతుంది. పైపు వెంట తడుముతూ పోతే, ఫిల్టర్ బోల్టు కింద రాగి వాషరు నలిగి సందు పడి ఉంది. పాతది. ఇంజిన్ మార్చిన రోజు కొత్తది చేతికందక, ఏమవుతుందిలే అని నేనే మళ్లీ వేశాను. విప్పిన రాగి వాషరు తిరిగి వేయొద్దన్నది ఈయన నాకు నేర్పిన మొదటి పాఠం.

తలెత్తితే ఉస్తాద్ గడపలో నిలబడి ఉన్నాడు. నలిగిన వాషరు ఆయనకు చూపించాను.

"కొత్త వాషరు గావాలె."

ఆయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు.

"నీకు ముందే ఎరుకనా?"

"నువ్వు గా మాటన్న దినమే ఇంటికొచ్చి సూసిన."

"మరి నువ్వే ఎయ్యకపోయినవా?"

"ఒకడు చేసిన పనిల ఇంకొకడు పానా పెట్టద్దు. వాడే రావాలె. గదిగూడ నేర్పిన నీకు."

"జీపు ఎందుకమ్ముతున్నవ్ మరి?"

"చెయ్యి ముసలిదైందని అందరి ముందట అంటివి. ఇగ నా బండి ఎవ్వరెక్కుతరు?"

వాషరు వేసి, ఫిల్టర్ మీది చేతిపంపు కొట్టి పైపులో గాలి తీశాను. బండి అందుకుంది. ఆయన్ను నడపమని నేను పక్కన కూర్చున్నాను. జీపులు ఆగే అడ్డా మీద, ఆనాటి ఆరుగురిలో నలుగురు కనిపించారు. దిగి, అందరికీ వినపడేలా చెప్పాను.

"గలతీ నాదే. ఉస్తాద్ చెయ్యి మంచిగున్నది."

ఒక ముసలమ్మ సంచి లోపల పడేసి, నేను లేచిన సీట్లో కూర్చుంది. తర్వాత మిగిలినవాళ్లూ ఎక్కారు.

ఉస్తాద్ గేరు వేస్తూ నా వైపు చూడకుండానే అన్నాడు. "బోథాయనకు రావద్దని నువ్వే ఫోన్ చెయ్యి."

చేశాను.